పేరు తేలని నీటి పెంకుపురుగుకు పేరు రాసే ముందు

సూరినామ్ అడవిలో ఒక వాగు ఒడ్డున పట్టిన 17 పురుగులు, వేలెడంత సీసాలో స్పిరిటులో మునిగి నా బల్ల మీదికి వచ్చాయి. ఒక్కోటి నాలుగైదు మిల్లీమీటర్లు. ముదురు గోధుమ రంగు, నున్నటి వీపు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. అప్పటికి నేను ఆ మ్యూజియంలో చేరి నెల కూడా కాలేదు. గంటలో చీటీలు రాసేశాను: 17కు 17 ఒకటే జాతి. మా గదిలో ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న పెద్దావిడ సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, "మగవాటిని విప్పి చూశావా?" అని మాత్రం అడిగారు. చూడలేదు. చూశాక ఆ సీసాలో మూడు జాతులు తేలాయి.

ఆ తర్వాత నేను నేర్చుకున్న వరుస ఇది. దక్షిణ అమెరికా నీటి పెంకుపురుగుల నమూనాలు చేతికొచ్చిన విద్యార్థులకు, ఫొటోలు తీసి పేరు కోసం తంటాలు పడేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. పేరు కనిపెట్టడం కష్టమే. ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం ఇంకా కష్టం. ఈ మార్గదర్శిలో సగం ఆ రెండో కష్టం గురించే.

ముందు ఈ పురుగులెవరో చెప్పాలి. హైడ్రోఫిలిడే అనే ఈ కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద 3,000కు పైగా జాతులకు పేర్లున్నాయి. కుళ్లిన ఆకూ అలమూ, నాచూ తిని బతుకుతాయని వీటిని నీటి పారిశుద్ధ్య పురుగులంటారు. అది పెద్ద పురుగుల సంగతి. పిల్ల పురుగులు మాత్రం పక్కా వేటగాళ్లు. వానాకాలం రాత్రి మన వీధి దీపాల కింద టపటపా పడే నల్లటి పెంకుపురుగుల్లో ఈ కుటుంబంవీ కొన్ని ఉంటాయి కాబట్టి ముఖపరిచయం మనకూ ఉన్నట్టే.

మొదట చీటీ, ఆ తర్వాతే పురుగు

సూక్ష్మదర్శిని ముందు కూర్చోక ముందే సీసాలోని చీటీ చదవండి. దేశం, ఊరు, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, పట్టిన మనిషి పేరు ఉండాలి. వీటన్నిటితో పాటు ఎలాంటి చోట, ఎలా పట్టారన్నది కూడా ఉండాలి. ఈ ఆఖరిదాన్ని చాలామంది రాయరు. ఈ పురుగుల విషయంలో సగం సమాచారం దానిలోనే ఉంటుంది. రాతి మీద పలచగా జారే నీటి పొరలో పట్టామంటే ఊసైక్లస్ లాంటి ప్రజాతులు (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపులు) గుర్తుకు రావాలి. అడవి వాగు మూలన పేరుకున్న ఆకుల కుప్పలోదంటే తలపుకొచ్చే జాబితా వేరు. దీపానికి వచ్చిందంటే అది ఏ నీటిలో బతుకుతుందో ఆ చీటీ చెప్పదు, ఆ రాత్రి అటుగా ఎగిరిందని మాత్రమే చెబుతుంది.

పాత చీటీలతో ఇంకో చిక్కు. 19వ శతాబ్దపు నమూనాల మీద చాలాసార్లు "బ్రెజిల్" అనో "కయెన్" (ఫ్రెంచ్ గయానా రాజధాని) అనో ఒక్క మాటే ఉంటుంది. బ్రెజిల్ అంటే ఎక్కడి బ్రెజిల్? అమెజాన్ అడవా, దక్షిణాన ఉన్న గడ్డి మైదానమా? "కొలంబియా" అని ఉంటే మరీ జాగ్రత్త. 1819 నుంచి 1831 దాకా ఆ పేరుతో ఉన్న దేశంలో నేటి వెనిజువెలా, ఈక్వడార్ కూడా కలిసి ఉండేవి. ఆ దేశం విడిపోయిన చాలాకాలం వరకూ సేకర్తల కలాలకు పాత అలవాటు పోలేదు.

అనుమతి పత్రాలు కూడా ఈ దశలోనే చూసుకోవాలి. బ్రెజిల్‌లో పురుగులు పట్టడానికి సిస్‌బయో అనుమతి కావాలి. జన్యు పరిశోధన చేస్తే 2015 నాటి 13,123 నంబరు చట్టం కింద సిస్‌జెన్ అనే ప్రభుత్వ పట్టికలో నమోదు చేయించాలి. కాగితం లేని నమూనాకు ఎంత మంచి పేరు పెట్టినా ఆ పని అచ్చుకు వెళ్లదు.

కుటుంబం: నిమిషం పని

తల కింద చూడండి. రెండు జతల కొమ్ముల్లాంటివి కనిపిస్తాయి. పొడుగ్గా సన్నగా ముందుకు చాచి ఉన్నవి మీసాలని అందరూ అనుకుంటారు. అవి మీసాలు కావు, నోటి పక్కన ఉండే స్పర్శాంగాలు. అసలు మీసం పొట్టిగా, చివర చిన్న గదలా ఉబ్బి, కంటి కిందికి ముడుచుకొని ఉంటుంది. ఊపిరి కోసం పైకి వచ్చినప్పుడు ఈ పురుగు తల ముందు పెట్టి, ఆ గద మీసంతోనే నీటి పొరను చీల్చి గాలిని పొట్ట కిందికి లాక్కుంటుంది. చెరువులో దీని పక్కనే తిరిగే ఈదుడు పెంకుపురుగు తోక పైకెత్తి గాలి పీల్చుకుంటుంది. ఆ పురుగు ఈదేటప్పుడు వెనక కాళ్లు రెండూ ఒకేసారి తెడ్లలా కొడుతుంది. మన పురుగు ఒకటి తర్వాత ఒకటిగా, నడిచినట్టు ఆడిస్తుంది. బతికి ఉన్నదాన్ని చూసే అవకాశం వస్తే తేడా దూరం నుంచే తెలిసిపోతుంది.

ప్రజాతి: వెల్లకిలా తిప్పండి

వీపు మీది ఫొటో ఒక్కటి పంపి పేరు చెప్పమంటారు కొందరు. ఈ కుటుంబంలో జవాబు చాలావరకు పొట్ట వైపు ఉంటుంది.

రొమ్ము కింద నిలువునా ఒక వెన్నుగట్టు ఉండి, చివర ముల్లులా వెనక్కి సాగి ఉందా? ఉంటే అది హైడ్రోఫిలిని తెగ. అందులో మూడు సెంటీమీటర్లు దాటిన నల్లటి భారీ పురుగు హైడ్రోఫిలస్ అయ్యే అవకాశం ఎక్కువ, సెంటీమీటరు అటూ ఇటూ ఉంటే ట్రోపిస్టెర్నస్. గట్టు లేదు, కళ్లు బయటికి పొడుచుకొచ్చాయి, నడిమి కాళ్లకూ వెనక కాళ్లకూ ఈదడానికి వెంట్రుకల కుచ్చులున్నాయి అంటే బెరోసస్. వీపు గూనిలా లేచి, పక్కల నుంచి నొక్కినట్టుంటే డెరాల్లస్. గూని చూశాక దాన్ని ఇంకొకటి అనుకోవడం కష్టం.

అసలు చిక్కు ఆ తర్వాత మిగిలే గోధుమ రంగు చిన్న పురుగులతో. పై రెక్కల పెంకులు కలిసే గీతకు ఇరువైపులా, వెనక సగంలో, లోతైన గాడి ఒకటి ఉందేమో చూడండి. ఎనోక్రస్‌లో ఉంటుంది, కాస్మోజీనస్‌లోనూ ఉంటుంది. ఈ రెండిటినీ విడదీయడానికి నోటి స్పర్శాంగంలోని పొడుగు ముక్క ఎటు వంగిందో చూడాలి. గాడి లేకపోతే దాన్ని హెలోకేరీస్ అని రాసే రోజులుండేవి. ఇప్పుడు అలా రాయకూడదు. 2021లో హిరోన్, షార్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆసిడోసెరినే ఉపకుటుంబాన్ని మొత్తంగా సర్ది, అమెరికా ఖండాల హెలోకేరీస్ జాతుల్లో చాలావాటిని నోవోకేరీస్ అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు. ఆ సర్దుబాటు మనదాకా వచ్చింది. ఆసియా వైపు కాస్మోజీనస్ అని పిలుచుకున్న జాతులు ఇప్పుడు క్రెఫెలోకేరీస్ కిందికి వెళ్లాయి, కాబట్టి పాత భారతీయ జాబితాల్లో కాస్మోజీనస్ కనబడితే అది ఈ దక్షిణ అమెరికా ప్రజాతి కాదు. గాడి ఉన్నంత మాత్రాన కాస్మోజీనస్ అని తీర్పు కూడా ఇవ్వకండి. ప్రైమోసెరస్ అనే మరో దక్షిణ అమెరికా ప్రజాతికీ ఆ గాడి ఉంది. మీ చేతిలోని గుర్తింపు పట్టిక ఏ సంవత్సరానిదో చీటీ మీద రాసి పెట్టుకుంటే తర్వాతివాళ్లకు ఎంతో మేలు.

రంగును నమ్మితే

ట్రోపిస్టెర్నస్ కొల్లారిస్ మంచి ఉదాహరణ. 1775లో ఫాబ్రిషియస్ పేరు పెట్టిన ఈ పురుగు ఉత్తర అమెరికా తూర్పు భాగం నుంచి అర్జెంటీనా దాకా ఉంది. వీపు మీద పసుపు, నలుపు చారలు. ఒక చోట చారలు స్పష్టంగా విడివిడిగా ఉంటాయి, ఇంకో చోట కలిసిపోయి నలుపు ఎక్కువవుతుంది. ఈ తేడాల మీద ఉపజాతుల పేర్లు చాలానే వచ్చాయి. చారలు మాత్రమే చూసి కొత్త జాతి అనుకుంటే, ఒకే పురుగు ప్రాంతాన్ని బట్టి మార్చుకునే చొక్కాలకు వేరువేరు పేర్లు పెట్టినట్టవుతుంది.

పైగా గూడు విడిచి అప్పుడే వచ్చిన పురుగు పాలిపోయి ఉంటుంది, దాని పెంకు వేలికి మెత్తగా తగులుతుంది. ఏళ్ల తరబడి స్పిరిటులో ఉన్నదీ వెలిసిపోతుంది. రంగు రాసుకోండి, కానీ తీర్పు దాని మీద ఇవ్వకండి. పొడవు కొలిచినప్పుడు కూడా ఒక్కదాన్ని కాదు, పదింటిని కొలవండి.

మగ పురుగును విప్పడం

ఇక్కడ నిదానంగా వెళ్దాం.

మొదట మగదేదో గుర్తించాలి. బెరోసస్‌లో ఇది సులువు: మగదాని ముందు పాదంలో నాలుగే ముక్కలు, వాటిలో మొదటివి వెడల్పై అడుగున అంటుకునే దిండు ఉంటుంది. ఆడదానికి అయిదు. చాలా చిన్న ప్రజాతుల్లో బయట నుంచి తేడా తెలియదు, విప్పితే తప్ప.

ఎండిన నమూనా అయితే వేడినీటిలో మెత్తబడనివ్వండి. తొందరపడి మరిగే నీటిలో వేస్తే కాళ్లు ఊడతాయి. స్పిరిటులోది నేరుగా పనికొస్తుంది. పురుగును వెల్లకిలా, గాజు పళ్లెంలో కొద్ది నీటిలో పెట్టి, ఎడమ చేతి చిమటాతో రొమ్మును మెల్లగా నొక్కి పట్టుకోండి. కొన వంచిన సన్నటి గుండుసూదిని పొట్ట చివరి పలక కిందికి పోనిచ్చి లోపలి గట్టి భాగాన్ని, అంటే మగ జననాంగాన్ని, తగిలించి వెనక్కి లాగండి. గట్టిగా లాగితే పొట్ట మొత్తం వస్తుంది. నాకు మొదటి రోజు రెండుసార్లు అలాగే వచ్చింది. బయటికొచ్చేది లేత తేనె రంగులో, బియ్యపు నూకలో సగం కూడా ఉండదు. చుట్టూ కండ అంటుకొని ఉంటుంది. దాన్ని 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి, కండ కరిగేదాకా మధ్యమధ్య చూస్తూ ఉండండి. చర్మాన్ని కాల్చే రసాయనం కాబట్టి చేతికి తొడుగు, కంటికి అద్దాలు తప్పనిసరి. తర్వాత నీటిలో కడిగి, గ్లిసరిన్ చుక్కలో పెట్టి చూడండి.

ఇప్పుడు కనిపించేది మూడు భాగాలు. కింద గిన్నెలాంటి పీఠం, దాని మీద ఇరుపక్కల రెండు రెక్కల్లాంటి పేరామీర్లు, నడుమ మధ్యదండం. పేరామీరు కొన గుండ్రంగా ఉందా, కొక్కెంలా వంగిందా? మధ్యదండం వాటిని దాటిందా, మధ్యలోనే ఆగిందా? రంధ్రం ఎక్కడ తెరుచుకుంది? పీఠం పొడుగెంత? పై నుంచి, పక్క నుంచి రెండు బొమ్మలూ గీయండి. ఒక వైపు నుంచే చూస్తే, చిన్న వాలు వల్లే ఆకారం మారి కనబడుతుంది. ఇద్దరు మనుషులు ఒకే అంగాన్ని వేరువేరు కోణాల్లో గీసి, వేరువేరు జాతులనుకున్న సందర్భాలకు కొదవ లేదు.

నా సూరినామ్ సీసాలోని మగవి ఏడు. నాలుగింటి పేరామీర్లు చివర లోపలికి వంగి, వేపాకు కొనలా ఉన్నాయి. రెండింటివి మొద్దుగా, తెడ్డులా ఉన్నాయి. ఏడోదాని మధ్యదండం రెండు పక్కల వాటినీ దాటి ముందుకు పొడుచుకొచ్చింది. వీపు మాత్రం ఏడింటికీ ఒకటే. ఈశాన్య దక్షిణ అమెరికా కాస్మోజీనస్ మీద స్మిత్, షార్ట్ 2020లో అచ్చువేసిన సవరణలోనూ జరిగింది ఇదే: బయటికి దాదాపు ఒకేలా కనబడే జాతులను మగ అంగమూ, డీఎన్‌ఏ కలిపి విడదీశారు. బెరోసస్‌లోనూ కథ అటువంటిదే. అర్జెంటీనాకు చెందిన అడ్రియానా ఒలీవా 1989లో దక్షిణ అమెరికా బెరోసస్ మొత్తాన్ని పరిశీలించి రాశారు. అయినా 2012లో ఒక్క వెనిజువెలాను వెతికితే మరో 14 కొత్త జాతులు బయటపడ్డాయి.

కోసిన అంగాన్ని పారేయకండి. గ్లిసరిన్ పోసిన బుల్లి గొట్టంలో వేసి, ఆ పురుగు సూదికే గుచ్చండి. విడిపోయిన అంగమూ పురుగూ మళ్లీ జత కుదరవు.

ఆడవాటి సంగతి

ఆడవాటికి నేరుగా పేరు పెట్టే వీలు ఈ చిన్న ప్రజాతుల్లో చాలాసార్లు ఉండదు. అదే చోట, అదే రోజు పట్టిన మగదాని పక్కన పెట్టి "ఇదీ అదే" అనడం మామూలు. కానీ ఒకే ఆకుకుప్పలో మూడు జాతుల మగవి దొరికాయని తెలిశాక ఆ మాట ఏ ధైర్యంతో అంటాం? డీఎన్‌ఏ జత కలిపితే సరే. లేకపోతే ప్రజాతి దగ్గర ఆగండి.

పాత పేరు ఎవరిది?

ఇక్కడి దాకా వచ్చినవాళ్లు ఇక పేరు రాయడమే మిగిలింది అనుకుంటారు. నిజానికి ఎక్కువ తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది.

జాతి పేరు ఒక వర్ణనకు కట్టుబడి ఉండదు, ఒక నమూనాకు కట్టుబడి ఉంటుంది. దాన్నే టైప్ నమూనా అంటారు. 19వ శతాబ్దపు రచయితలు చాలామంది ఒక్క నమూనాను ప్రత్యేకించి ఎంచుకోలేదు, ముందున్న పురుగులన్నిటినీ చూసి రెండు మూడు లాటిన్ వాక్యాలు రాసి ఊరుకున్నారు. "నూనె రాసినట్టు మెరుస్తుంది, గోధుమ రంగు, కాళ్లు ఎర్రన" అన్నట్టుండే ఆ వాక్యాలు ఇరవై జాతులకు సరిపోతాయి. ఆ నమూనాలు ఇప్పుడు పారిస్, లండన్, బ్రస్సెల్స్ మ్యూజియాల్లో ఉంటాయి. ఈ కుటుంబం మీద ఎక్కువ పని చేసిన ఆర్మాండ్ డార్షిమాం సేకరణ బ్రస్సెల్స్‌లోనే ఉంది. దక్షిణ అమెరికా పురుగుకు సరైన పేరు కావాలంటే ఐరోపా మ్యూజియం తలుపు తట్టక తప్పదు.

చేయాల్సిన పని వరుసగా చెబుతాను. మొదట మీ ప్రజాతిలో ఆ ప్రాంతం నుంచి ఇప్పటిదాకా పెట్టిన పేర్లన్నీ రాసుకోండి, కొట్టివేసిన పర్యాయ నామాలతో సహా. 1999 దాకా ఉన్న పేర్లకు మైకేల్ హాన్సెన్ ప్రపంచ జాబితా ఆధారం, ఆ తర్వాతివి విడిగా వెతుక్కోవాలి. ఒక్కో పేరుకూ మూల వర్ణన చదవండి. టైప్ ఎక్కడుందో తెలుసుకొని మ్యూజియానికి ఉత్తరం రాసి ఫొటో, వీలైతే మగ అంగం ఫొటో అడగండి. పాత టైప్‌ను విప్పి చూడటానికి అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది మ్యూజియం ఇష్టం. ఇవ్వకపోతే నొచ్చుకోకండి, ఆ ఒక్క పురుగు విరిగితే మరొకటి దొరకదు.

ఒక పేరు కింద కలిసిపోయిన పాత నమూనాల్లో రెండు జాతులు తేలితే, ఒక్కదాన్ని లెక్టోటైప్‌గా ఎంచి పేరును దానికి స్థిరపరచవచ్చు. జంతు నామకరణ నియమావళిలో 74వ అధికరణం ఇందుకే ఉంది. టైప్ పోయినప్పుడు దాని స్థానంలో కొత్తగా ఎంచే నియోటైప్‌ను 75వ అధికరణం ఒప్పుకుంటుంది, కానీ మామూలు పనిగా కాదు, గందరగోళం తీర్చడానికి నిజంగా అవసరమైతేనే. పోవడం ఊహించిన మాట కాదు. 2018 సెప్టెంబరు 2 రాత్రి రియో డి జనేరోలోని బ్రెజిల్ జాతీయ మ్యూజియం తగలబడినప్పుడు అక్కడి కీటకాల సేకరణలో అత్యధిక భాగం బూడిదైంది.

టైప్ ఉంది, కానీ అది ఆడది, పైగా చీటీ మీద "బ్రెజిల్" అని మాత్రమే ఉంటే? అప్పుడు ఆ పేరు ఏ జాతిదో ఎవరూ తేల్చలేరు. నోమెన్ డూబియం, అంటే సందేహ నామం, అని అంటారు దాన్ని. దొరికిన మగదానికి ఆ పాత పేరు తగిలించి చేతులు దులుపుకోవాలనిపిస్తుంది. ఆ పని చేయకండి. తప్పు పేరు అచ్చులో పడితే పట్టికల నుంచి పట్టికల్లోకి పాకుతుంది, దాన్ని పీకేయడానికి ఒక తరం పడుతుంది.

డీఎన్‌ఏ సాక్షి

ఒక కాలు చాలు. 95 శాతం స్పిరిటులో చల్లగా దాచిన నమూనా అయితే మేలు. జంతువులకు సాధారణంగా వాడే భాగం సీఓ1 జన్యువు మొదటి 658 అక్షరాలు, దాన్ని పట్టి నకలు తీయడానికి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, ఫోల్మర్ ప్రైమర్లు, 1994 నుంచి వాడుకలో ఉన్నాయి. రెండు మూడు శాతం తేడా వస్తే వేరే జాతి అని కొందరు గీత గీస్తారు. ఆ గీతను నేను నమ్మను. వాగులు వేరై, కొండలు అడ్డై విడిపోయిన ఒకే జాతి గుంపుల మధ్య అంతకంటే ఎక్కువ తేడా రావచ్చు, ఈ మధ్యే విడిపోయిన రెండు జాతుల మధ్య తక్కువ ఉండవచ్చు. సీఓ1 ఉండే మైటోకాండ్రియా నుంచి కణ కేంద్రకంలోకి జారిపోయిన నకలు ముక్కలు అసలువాటిలా కనబడి మోసం చేస్తాయి కూడా. డీఎన్‌ఏ గుంపులూ మగ అంగం ఆకారాలూ ఒకే చోట విడిపోతే ధైర్యంగా రాయండి. రెండూ పొసగకపోతే పొసగలేదని రాయండి.

చీటీ మీద ఏం రాయాలి

సందేహానికి కూడా వాడుకలో మాటలున్నాయి, వాటిని వాడుకోండి. ఏ జాతో తెలియకపోతే ప్రజాతి పేరు తర్వాత "ఎస్పీ." అని రాసి, మీ గుర్తు కోసం ఒక అక్షరమో అంకెనో చేర్చండి. తెలిసిన జాతిలాగే ఉంది, కానీ పోల్చి చూడటం పూర్తికాలేదంటే "సీఎఫ్.", ఇది లాటిన్‌లో పోల్చి చూడమన్న మాట. తెలిసిన జాతికి దగ్గరి చుట్టమే, కానీ అది కాదని మీకు గట్టిగా అనిపిస్తే "ఎఎఫ్ఎఫ్.". ఈ రెండిటినీ ఒకదాని బదులు ఒకటి వాడేవాళ్లున్నారు, అది తప్పు. మొదటిది పని మిగిలిందంటుంది, రెండోది పని చేశాక తేడా తేలిందంటుంది.

పేరు కింద నిర్ధారించిన మనిషి పేరు, సంవత్సరం, ఏం చూసి నిర్ధారించారన్నది ఒక్క ముక్కలో: "మగ అంగం", "పొట్ట వైపు, ఆడది", "ఫొటో మాత్రమే". జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ లాంటి వెబ్‌సైట్లలో వీపు ఫొటో ఒక్కటే ఉంటే ప్రజాతి దగ్గరే ఆగండి. ఎవరో ఉత్సాహంగా జాతి పేరు పెట్టినా దానికి తలూపాల్సిన పని లేదు.

నా సూరినామ్ సీసా చివరికి నాలుగు గొట్టాలైంది. ఆకు కొన పేరామీర్లు ఉన్న నాలుగింటికీ అచ్చయిన బొమ్మతో సరిపోలిన పేరు రాశాం. తెడ్డు కొనలవి రెండూ "సీఎఫ్." ఏడో మగది "కాస్మోజీనస్ ఎస్పీ. ఏ, మగ అంగం చూశాం". పది ఆడవాటి గొట్టంలోని చీటీ మీద పెద్దావిడ తన చేత్తో పెన్సిలుతో రాశారు: "కాస్మోజీనస్. ఆడవి. కాలు తీయలేదు, డీఎన్‌ఏకు పనికొస్తాయి."